నీళ్లు పోయిన చోట

అరల్ సముద్రం ఇంకిపోయిన రేవూరు మొయ్నాక్‌లో ఇసుకలో కూరుకుపోయిన పాత పడవలెక్కి విదేశీయులు ఫొటోలు దిగుతున్నారు. ఎడారిలోని పాత కోటల దగ్గర్నుంచీ వాళ్లను తిప్పుకొస్తున్న డ్రైవరూ, గైడుగా వచ్చిన అతని చెల్లెలూ జీపు నీడలో కూలబడి చిన్న గిన్నెల్లో చాయ్ తాగుతున్నారు.

“ఏమే, ఇవాళ నీ గొంతే పెగలట్లేదు?”

“నిన్న తోప్రాక్ కోట మీద ఈ గుంపులో ముసలాయన అడిగాడు కదన్నా, ఇంత కోట వదిలేసి జనం ఎందుకు పోయారని.”

“ఎప్పుడూ చెప్పేదేగా. నది దారి మళ్లింది, నీళ్లు పోయాయి, వాళ్లూ పోయారు.”

“అదే చెప్పాను. ‘మీ సముద్రమూ పోయింది కదా, మరి మీరెందుకు పోలేదు?’ అన్నాడు.”

“ఆయనకేం, అడుగుతాడు. నువ్వేమన్నావు?”

“నవ్వేసి ఊరుకున్నా.”

“నా మేనల్లుడు ఐదోస్‌కి దగ్గు తగ్గిందా?”

“ఈ ఉప్పుదుమ్ములో ఎలా తగ్గుతుంది? పిల్లాణ్ణి ఇక్కడుంచొద్దన్నాడు డాక్టరు. వాళ్ల నాన్న కజకిస్తాన్‌లో పని చూసుకున్నాడు. ఇల్లూ దొరికిందట.”

గిన్నెలో మిగిలిన చాయ్‌ని అతను ఇసుకలో ఒంపేశాడు.

“నాకెప్పుడు చెబుదామనుకున్నావు?”

“రోజూ అనుకుంటూనే ఉన్నా, నోరు రాలేదు. నాన్న పోయాక నన్ను పెంచింది నువ్వు. నువ్వు సరేనంటేనే కదులుతా. ఏం చెయ్యమంటావన్నా?”

అతను పడవల వైపు చూశాడు.

“నన్నడక్కు తల్లీ. అడిగితే ఉండిపొమ్మంటాను. అడక్కుండా వెళ్లు. రైలు మాత్రం నేనే ఎక్కిస్తాను.”