గింజ నలిగితేనే వ్యాన్ కదలాలి

1994 జూన్ పదమూడో తేదీన మన పాఠశాల భోజన కేంద్రంలో కూరగాయలు తూచే సహాయకురాలిగా చేరి, ప్రధాన పోషకాహార ప్రణాళికాధికారిణిగా ఎదిగిన మేడం గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం, ఉద్యోగంలో అందరికన్నా చిన్నదాన్నీ, పెళ్లయి ఏడాదైనా నిండనిదాన్నీ అయిన నాకు దక్కింది. ఈమధ్య నాకు ఏం చూసినా సంతోషమే. వంటగది ఆవిరికి కళ్లద్దాలు మసకబారినా నవ్వొస్తుంది. కానీ మేడం గారిని తలచుకోగానే ముందు గుర్తుకొచ్చేది భయం.

తూకం దగ్గర ఐదేళ్లు, సరుకుల గదిలో ఎనిమిదేళ్లు పనిచేసిన వారు, బస్తా మీద చెయ్యి వేసి లోపలి తేమను చెప్పగలిగేవారు. ప్రణాళికా బాధ్యత చేపట్టాక కాగితం మీది పోషక విలువలకన్నా, పాఠశాలల నుంచి తిరిగొచ్చే మిగులు బకెట్లనే ఎక్కువగా నమ్మారు. పిల్లలు ఏరి పారేసిన క్యారెట్ ముక్కలను ఒక వారం చూసి, మరుసటి వారం తురిమించి పప్పులో కలిపించారు. బకెట్లు ఖాళీగా వచ్చాయి. ఉప్పూ వేపుళ్లూ తగ్గించి, వారానికి మూడు రోజులు ఆకుకూర, రోజూ ఒక పండు ఉండేలా చూశారు.

ప్రతి గుండిగ నుంచి ఒక గింజ తీసి, రెండు వేళ్ల మధ్య నలిపి చూశాకే వ్యాన్లు కదలడానికి చెయ్యి ఊపేవారు. ఆలస్యానికి విసుగెత్తిన డ్రైవర్లు చాటుగా “పిరికి మేడం” అనేవారు. ఒకసారి అది వారి చెవిన పడింది.

“అవునయ్యా, పిరికిదాన్నే. ధైర్యం చూపించాలంటే మీ ఇంట్లో వంట చేసి చూపించండి, పిల్లల అన్నంతో కాదు.”

నా పెళ్లయిన పన్నెండో రోజున రాజ్మా అనే ఎర్ర చిక్కుడు గింజల కూరకు వంట పత్రం నేను రాశాను. పోషకాలు నశించకూడదన్న ఉత్సాహంలో “తక్కువ సెగపై, మరగనివ్వకుండా” అన్నాను. బాగా మరగకపోతే ఆ గింజల్లో విషం మిగిలిపోతుందని చదువుకున్నదాన్నే. మనసు మాత్రం మా ఆయన కట్టిచ్చిన డబ్బాలో ఏముందా అన్న దగ్గరే ఉంది. మేడం గారు సమావేశానికి వెళుతూ తనిఖీ నాకు అప్పగించారు. నేను పైపైన చూసి చెయ్యి ఊపేశాను.

వారు తిరిగొచ్చి, గుండిగ అడుగున మిగిలిన గింజ ఒకటి నలిపారు. నలగలేదు.

“ఎన్ని స్కూళ్లకి వెళ్లింది?”

“ఆరింటికి, మేడం.”

ఐదు పాఠశాలలు ఫోన్ ఎత్తి, కూర ఆపేశాయి. ఆరోది ఎత్తలేదు. భోజనం గంటకు పదిహేను నిమిషాలే ఉంది. ఇద్దరం వ్యాన్ ఎక్కాం.

“ఇవాళేంటి మేడం, మీరే తోలు తోలు అంటున్నారు?” అన్నాడు డ్రైవర్. వారి ముఖం చూసి వేగం పెంచాడు. దారంతా వారు నా మణికట్టు పట్టుకునే ఉన్నారు. మేము వెళ్లేసరికి ఒకటో తరగతి పిల్లలు అన్నంలో కూర కలుపుతున్నారు.

“తినకండి నాన్నా! చేతులు తీసేయండి!” అని అరిచారు మేడం గారు.

ఒక పాప అప్పటికే నాలుగు ముద్దలు తినేసింది. గంటన్నరకు వాంతులు మొదలయ్యాయి. డాక్టరు చూస్తున్నంతసేపూ పాప తల వారి ఒడిలోనే ఉంది. పరుగెత్తుకొచ్చిన తల్లి, “నా బిడ్డకి ఏం పెట్టారు మీరు?” అని నిలదీసింది.

“సరిగ్గా ఉడకని కూర పెట్టామమ్మా. తప్పు మాదే,” అన్నారు వారు, తల దించకుండా.

సాయంత్రానికి పాప లేచి నీళ్లు అడిగింది. అప్పుడు ఏడ్చాను. “నన్ను నాలుగు తిట్టండి మేడం,” అన్నాను.

“తిడితే నీ భయం తీరిపోతుందమ్మా. తీరకూడదు. ఉంచుకో.”

నివేదికలో తనిఖీ వదిలి వెళ్లినందుకు ముందు తమ పేరు రాసి, కింద నా పేరు నాచేతే రాయించారు. ఆ రోజుతో ఆపేసిన ఆ కూరను ఇప్పుడు, మరిగించాల్సిన సమయంతో సహా కొత్త పత్రం రాసి, వచ్చే సోమవారం పట్టికలో వారే చేర్చారు. అప్పటికి వారు ఇక్కడ ఉండరు. తనిఖీ నాది. ఇంకో నెల ఆగుదామని బతిమాలాను.

“పిల్లలకి బలమైన తిండి. నీ భయం కోసం మానేస్తామా? భయపడుతూనే వండించు,” అన్నారు.

మేడం గారు ఇకనైనా ఇంట్లోవాళ్లు వండిపెట్టింది అనుమానించకుండా, వేడివేడిగా, కడుపునిండా తింటూ, పూర్ణారోగ్యంతో నూరేళ్లు చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. సోమవారం నుంచి వారి బదులు భయపడటానికి నేనున్నాను.