నాలుగు వేళ్ల కొసరు

మామ కామేశానికి కోడలు ప్రణతి చీటీ రాసిచ్చింది: బీపీ మాత్ర వేసుకోవాలి, కొట్టు తెరవాలి, పదకొండింటికి వచ్చే ఆమెకు రవికగుడ్డ కొయ్యాలి.

వాషర్‌మెన్‌పేట్‌లోని అతని బట్టల కొట్లోకి పదకొండింటికి వచ్చింది కమలాంబ. నలభై ఏళ్ల కిందట నోరు విప్పలేక కామేశం పోగొట్టుకున్న మనిషి. ఇప్పుడిద్దరూ జోడు పోయినవాళ్లే.

“మీటరు చాలని చెప్పినా గదా. నాలుగు వేళ్లు ఎక్కువ కోసినావేంది?”

“నీకెప్పుడూ కొసరుండాది గదా.”

“అప్పుడూ అంతే. కొసరిచ్చినావు గానీ నోరు తెరవలా. మీ కోడలే ఫోన్ చేసి నన్నీడికి పిలిచింది. ఇప్పుడైనా అడుగుతావా?”

“అడుగుతా.”

“ముందా కత్తెర కింద పెట్టు.”

“పెట్టినా. నన్ను చేసుకుంటావా, కమలా?”

“నీ కొసర్లన్నీ కలిపి ఎప్పుడో బొంత కుట్టినా సామీ. ఇద్దరికీ సరిపోతాది.”

వాళ్ల పెళ్లిభోజనానికి పిలుపొస్తే, తినేముందు ఆ చీటీ రాసిన ప్రణతిని ఒక్కసారి తలుచుకోండి.