చెంచాడు చన్నీళ్లు

గుడారం ముందు, మూడు రాళ్ల పొయ్యి మీద కాఫీ పొంగింది. భర్త గిన్నె దించి చెంచాడు చన్నీళ్లు చిలకరిస్తుంటే, భార్య కళ్లప్పగించి చూసింది.

"వడకట్టరా?"

"అక్కర్లేదు. చన్నీళ్లు పడితే పొడంతా అడుక్కి దిగిపోతుంది."

"ఇంట్లో స్టవ్ ఎటు తిప్పాలో కూడా తెలీదు మీకు. ఇదెవరు నేర్పారు?"

"ఆఫీసువాళ్లతో క్యాంపుకెళ్లాగా, అక్కడ."

"వాన పడి అందరం హోటల్లోనే ఉండిపోయామన్నారు?"

"ఒక్క పూట బయటికెళ్లాం."

"అందరూనా?"

అతను తుడిచిన కప్పునే మళ్లీ తుడిచాడు. ఆమె గొంతు పెంచలేదు.

"ఆవిడ పంచదార వేసుకుంటుందా?"

"ఊహూఁ, చేదుగానే తాగు..." నాలుక కరుచుకున్నాడు.

"సంచీ సర్దింది మీరేగా. నాకు రెండు చెంచాలు పడాలి. పంచదార ఏదీ?"