యోబు గారు ఎంచిన ఉక్కు, జీవమ్మ గిన్నె

పంతొమ్మిది వందల డెబ్బై జూలై ఒకటో తేదీన మన నంద్యాల ఊరగాయల కర్మాగారంలో స్టోరు అధికారిగా చేరి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న శ్రీ యోబు గారిని ఒక సందేహం ఏళ్ల తరబడి వెన్నంటి నడిచింది. తాను ఏరికోరి తెప్పించిన తొట్టి ఆళ్లగడ్డలో ఎందుకు తుప్పు పట్టింది?

ఆయన చేరిన కాలంలో ఉప్పు, నిమ్మరసం కలిసి ఏ పాత్రనూ బతకనిచ్చేవి కావు. అల్యూమినియం నల్లబడేది, మామూలు స్టీలుకు సూదితో గుచ్చినట్టు గుంటలు పడేవి. పదిమంది తినే పదార్థంలో లోహం కలవడం పాపమని నమ్మిన యోబు గారు, మాలిబ్డినం కలిసిన ఉక్కు ఈ పులుపును తట్టుకుంటుందని చదివి, కంపెనీ నుంచి పళ్లెమంత రేకును నమూనాగా తెప్పించారు. పోల్చి చూపడానికి, కాయలు కోసే జీవమ్మ గారి సద్దిగిన్నె అడిగి తీసుకున్నారు. రెండింటినీ ఉప్పు నిమ్మరసంలో నానబెట్టారు. వేసవి గడిచేసరికి రేకు మెరుస్తూనే ఉంది. గిన్నెకు చిల్లి పడింది. తొట్టెలకు ఆ ఉక్కే కొనడానికి కర్మాగారం కమిటీవారు ఒప్పుకున్నారు.

కొత్త గిన్నె ఇస్తానని యోబు గారు మాట ఇచ్చినప్పుడు జీవమ్మ గారు కోపపడలేదు.

"గిన్నెలకేమన్నా, అంగట్లో శానా ఉండాయి. దాని మింద మాయమ్మ పేరుండె, రంగమ్మ అని. ఆయమ్మ పోయినంక నాకు మిగిలింది ఆ పేరే."

డెబ్బై ఆరులో ఆళ్లగడ్డ శాఖకు ఆ మేలురకం ఉక్కుతో తొట్టి వచ్చింది. పేరు కొట్టించనిదే మన ఇళ్లలో కొత్త పాత్ర పొయ్యి ఎక్కదు కదా! ఫోర్‌మన్ సుబ్బరాయుడు గారు ముచ్చటపడి తొట్టి లోపలి అంచున కర్మాగారం పేరు కొట్టించారు. వానలు వెనకబట్టకముందే ఆ అక్షరాల చుట్టూ ఎర్రటి మరక తేలింది.

"ఏందన్నా, నీ ఉక్కు కంటే మా అత్త నోరే మేలు. దానికి ఇంతవరకు చిలుము పట్టలే" అన్నారు సుబ్బరాయుడు గారు. అందరితోపాటు యోబు గారూ నవ్వారు. అయితే ఆ ఉక్కు మీద ఆయనకు నమ్మకం సడలింది. మళ్లీ తుప్పు పట్టే గిన్నె మీద రంగమ్మ గారి పేరు రాయించి ఇవ్వడానికి మనసొప్పలేదు. ఇచ్చిన మాట అలాగే ఉండిపోయింది.

ఎనభై మూడులో ఆళ్లగడ్డ శాఖ మూతపడి తొట్టి నంద్యాలకు వచ్చింది, వెంట సుబ్బరాయుడు గారూ వచ్చారు. నిమ్మకాయల బండ్లు దిగినప్పుడల్లా యోబు గారు దాని పక్కన కాసేపు నిలబడేవారు. అక్కడి ఆడవాళ్లు కాయలు కోస్తూ ఒకరు ఏసు కీర్తన ఎత్తుకుంటే, ఇంకొకరు అహోబిల నరసింహుని పాట అందుకునేవారు. ఈ మధ్య, ఆ పాటలు మళ్లీ వింటామా అన్న దిగులు ఆయన చూపులోనే తెలిసేది.

విరమణ దగ్గరపడింది. మాట తీర్చకుండా గేటు దాటడం ఎలా? ఇన్నేళ్లకూ మెరుపు తగ్గని ఆ పాత నమూనా రేకునే అనుమతితో చిన్న గిన్నెగా చేయించి, రంగమ్మ గారి పేరు కొట్టించడానికి దుకాణానికి తీసుకెళ్లారు. ఉలి నడిచిన ప్రతి గీతలో నల్లటి పొడి మిగలడం చూసి, అదేమిటని అడిగారు.

"ఉలి అరుగుతాది సార్. ఇనుము గదా" అన్నాడు పేర్లు కొట్టే అతను.

తుప్పు పట్టింది ఉక్కుకు కాదు, అక్షరాల్లో మిగిలిన ఉలి ఇనుముకు. ముచ్చటపడి రాసుకున్న పేరే మచ్చ కావడంలో దేవుడు మనకేం చెప్పదలిచాడో! యోబు గారు గిన్నె అక్షరాలను ఆ ఇనుప పొడి కరిగేలా ఆమ్లంతో కడిగించి, నిమ్మరసంలో ఉంచి చూశారు. మరక లేదు. తొట్టి అక్షరాలనూ కడిగించారు. ఈసారి సుబ్బరాయుడు గారు వంగి వంగి చూసి, అత్తగారి ప్రస్తావన తేలేదు.

యోబు గారు, ఆయన శ్రీమతి లూదియా గారు ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలని మనందరం ఆ భగవంతుణ్ణి వేడుకుంటున్నాం. అయితే మనకంటే ముందే ఆ మాట అన్నవారు ఒకరున్నారు. నిన్న షెడ్డు అరుగు మీద గిన్నె అందుకుని, చదువు రాని జీవమ్మ గారు ఆ అక్షరాలను వేలితో ఒక్కొక్కటే తడిమారు.

"మాయమ్మే" అన్నారు. "నూరేండ్లు సల్లంగుండన్నా."

ఆ మధ్యాహ్నం ఆమె సద్ది అందులోనే తిన్నారు.