లేని జ్వరం

ఏటమ్మా, ఈ రాత ఎవరిదనా? ఇలా తే, కళ్ళజోడు పెట్టుకోనీ. ఆఁ. స్కూలు బీరువాలో అడుగున దొరికేయా ఈ కాగితాలు? ఇంకా ఉన్నాయన్న మాట. ఇది సంతోషకుమారి టీచర్ది. 'ళ' చూడు, ఎలా చుట్టిందో. స్కూల్లో ఇంకెవరూ అలా రాసేవారు కాదు. నువ్వు చేరి ఆరు నెలలే కదా, నీకెలా తెలుస్తాది. నువ్వు చెప్పే ఆ నాలుగో తరగతే పద్దెనిమిదేళ్ళు చెప్పిందావిడ. మన తెలుగు చర్చి వాళ్ళే. మొగుడు బెన్‌హర్ అని, అబర్డీన్ బజార్లో టైలరు. మెట్ల పక్క చిన్న కొట్టు, ఇప్పటికీ ఉంది. కూర్చో, నిలబడి వినే మాట కాదిది. ఆవిడ ఎలాంటి మనిషంటే, మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ కదా, క్లాసులో "దీదీ, పానీ పీనే జావూఁ?" అంటారు. ఆవిడ తిట్టేది కాదు. "హిందీలో అడిగితే నీళ్ళు, తెలుగులో అడిగితే నీళ్ళూ బిస్కెట్టూ" అనేది. షుగరు మనిషి, కళ్ళు తిరిగితే వేసుకోడానికి బ్యాగులో బిస్కెట్లు పెట్టుకునేది. సగం ఈ పిల్లలకే అయిపోయేవి.

నా సంగతి నీకు తెలుసు కదా. చాతం మిల్లులో ముప్ఫై నాలుగేళ్ళు. ఆ రంపాల చప్పుడులో మాటాడి మాటాడి గొంతు ఇలాగ పెద్దదైపోయింది, ఇంట్లో ఉప్పు అడిగినా దెబ్బలాడినట్టుంటాదని మీ పిన్నిగారు అంటాది. రిటైరయ్యాక మనిషికి పెద్దరికం ఏదో ఒకటి కావాలి. ఖాళీగా ఉండలేం. స్కూలు కమిటీకి నన్ను ఛైర్మన్ని చేసేరు. సూరయ్యగారైతే ఆఫీసులో గట్టిగా మాటాడతారని. మాటాడేను కూడా. మరుగుదొడ్లు కట్టించింది నేనే, ఆ పంపు వేయించింది నేనే. అదంతా వేరే సంగతి, ఎక్కడికో పోతున్నాను.

కరోనా వచ్చింది, బళ్ళు మూసేసేరు. ఫోన్లో చదువన్నారు. ఈ దీవిలో ఫోన్ సంగతి నీకు చెప్పాలా? వాన పడితే సిగ్నలు లేదు, గాలేస్తే లేదు. అప్పుడు సంతోషకుమారి ఏం చేసిందంటే, ఇదిగో ఈ కాగితాలు. చేత్తో రాసి, బెన్‌హర్ కొట్టు పక్కన జిరాక్సు తీయించి, ఇంటింటికీ తిరిగేది. గుమ్మంలోకి రాదు. గేటు దగ్గర కాగితం ఇచ్చి, అక్కడే నిలబడి పిల్ల చేత చదివించుకుని, తప్పులు దిద్ది, తరవాతింటికి. మా మనవరాలు పూజ అప్పుడు నాలుగో తరగతే. మావాడు కార్ నికోబార్లో డ్యూటీ, పిల్లా కోడలూ మా దగ్గరే. వారానికి రెండు మార్లు మా ఇంటికొచ్చేది. ఇక్కడైతే ఈ అరుగు మీదే, నువ్వు కూర్చున్న చోటే. పిల్ల ఆ చివర, ఆవిడ ఈ చివర. నేను పేపరు గ్లాసులో టీ పోసి గట్టు మీద పెట్టేవాణ్ణి. ఇది గుర్తుంచుకో అమ్మా. నాకు తెలియక కాదు. నా కళ్ళతో నేను చూసేను.

అలాగ ఏడాది కావొచ్చింది. జోగులని, చేపల పడవ మీద పోతాడు, వాడొకరోజు వచ్చి కూర్చున్నాడు. "పెద్దయ్యా, మా ఇంట్లో ఫోను ఒకటే. అది నా దగ్గరుంటాది. నేను సముద్రంలో ఉంటే మా పిల్ల క్లాసూ సముద్రంలోనే. టీచరమ్మ వస్తే పిల్ల ఇంట్లో ఉండదు, వాళ్ళమ్మతో చేపలు కోయడానికి పోతాంది. మొన్న దాని పేరు రాయమంటే సగం రాసి ఆగిపోయింది" అన్నాడు. వాడు ఏడవలేదు గానీ నేలకేసి చూస్తూ చెప్పేడు. నాకు మండిపోయింది. బజారు తెరిచేరు, బోట్లు నడుస్తున్నాయి, పెళ్ళిళ్ళకి వంద మంది వస్తున్నారు, బడి ఒక్కటే మూసేరేటి అని. ఆ కోపం తప్పు కాదమ్మా. ఇప్పటికీ అంటాను, తప్పు కాదు. తిరిగి తిరిగి సంతకాలు పెట్టించేను. పెద్ద పిల్లలకి అప్పటికే తెరిచేరు. చిన్నవాళ్ళకి కూడా తెరుస్తాం, కమిటీ తీర్మానం చెయ్యాలి, ప్రతి ఇంటివాళ్ళూ మా ఇష్టంతోనే పంపుతున్నామని రాసివ్వాలి, అన్నారు.

మీటింగు పెట్టేం. మార్చి మొదటి వారం. స్కూలు వరండాలో కుర్చీలు దూరం దూరంగా వేసి. రాఘవయ్య మాస్టారు అప్పట్లో హెడ్మాస్టరు, మంచాయన, ఎవరేమన్నా "అలాగేనండి" అంటాడు. కాగితం చదివేడు. అందరం చేతులెత్తుతున్నాం. అప్పుడు లేచిందావిడ. నెమ్మదిగానే మాటాడింది. "నేను బడి వద్దనట్లేదండి. పిల్లలు పాడైపోతున్నారు, నాకు తెలుసు. ఆ రేకుల గదిలో నలభై మందిని ఒక్కసారి వద్దంటున్నాను. నాకు షుగరుంది. నాలాంటి వాళ్ళకి కరోనా సూది ఇప్పుడే మొదలెట్టేరు, ఒకటి వేయించుకున్నాను. రెండోది పడనీండి. ఒక్క నెలన్నర. అందాకా ఆరుబయట, పదేసి మందిని కూర్చోబెట్టి చెబుతాను, పొద్దున్న కొందరు, మధ్యాహ్నం కొందరు." ఇంతే. ఇంతకంటే న్యాయమైన మాట ఆ రోజు ఇంకెవరూ మాటాడలేదు. నేనైతే అసలే కాదు.

నేనేమన్నానో చెప్పనా. నాలుగేళ్ళయింది, ఎవరికీ చెప్పలేదు. అక్కడున్నవాళ్ళు మరిచిపోయుంటారు. అందరూ నా మొహం చూస్తున్నారు, నేను ఛైర్మన్ని, నెల్లాళ్ళ నుంచి తిరిగిన మనిషిని, ఈవిడ లేచి నా తీర్మానానికి అడ్డం చెబుతాందని ఒకటే పట్టుకుంది బుర్రకి. అనీసేను. "టీచరమ్మా, ఏడాదిగా ఇంట్లో కాళ్ళు చాపుకుని జీతం తీసుకున్నారు. ఇంకా నెలన్నర కావాలా మీకు?" నా గొంతు తెలుసు కదా, రోడ్డు మీదకి వినబడుంటాది. వెనక నుంచి నవ్వేరు. ఎవడో చప్పట్లు కూడా కొట్టేడు. ఆ ముందు మంగళవారమే కదా ఆవిడ మా అరుగు మీద కూర్చుని మా పూజకి గుణింతాలు దిద్దింది. మా టీ తాగింది. ఆవిడ నాకేసి చూసింది. మాస్కు ఉంది, కళ్ళే కనబడుతున్నాయి. అనొచ్చు కదా, "బాబాయిగారూ, మీ ఇంటికొచ్చేది ఎవరండి?" అని. ఒక్క మాట. నేనింక ఈ ఊళ్ళో తలెత్తుకునేవాణ్ణి కాదు. అనలేదు. "సరేనండి. మీ అందరి మాటే నా మాట" అని కూర్చుంది. ఎందుకనలేదో ఇప్పటికీ నాకు తెలీదు.

ఇష్టమేనని రాసిచ్చే కాగితం మీద మొదటి సంతకం నాదే. ఛైర్మన్ని కదా, నేను పెడితే మిగతావాళ్ళు పెడతారు. జోగులు వేలిముద్ర వేసేడు. అంతే, పదిహేనో తారీఖున తెరిచేరు. ఆ పొద్దున్న మా కోడలు వీరలక్ష్మి పిల్లకి జడలేసి, యూనిఫాం పొట్టయిపోతే అంచు విప్పి కుట్టి, డబ్బా కట్టింది. పూజ చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడింది. నేను టీవీ చూస్తన్నాను. సముద్రం అవతల కరోనా మళ్ళీ లేస్తాందని, మహారాష్ట్రలో ఆసుపత్రుల్లో మంచాలు చాలట్లేదని చెబుతున్నాడు. లోపల మీ పిన్నికి గుండె మందులు. నేను లేచెళ్ళి పిల్ల బ్యాగు తీసీసేను. కోడలు అడిగింది, "అదేటి మావయ్యా, మీరే కదా తెరిపించేరు" అని. నేనన్నాను, "ఓ వారం ఆగుదాం. మిగతా పిల్లలకి ఎలాగుంటాదో చూసి పంపుదాం." విన్నావా అమ్మా ఆ మాట. మిగతా పిల్లలకి ఎలాగుంటాదో చూసి. జోగులు కూతురు వెళ్ళింది ఆ రోజు. మా కోడలు డబ్బా విప్పి అన్నం గిన్నెలో పోసీసింది.

సాయంత్రం ఫోనొచ్చింది. "బాబాయిగారూ, పూజ రాలేదు. మొదటి సంతకం మీదే కదా, ఒంట్లో ఎలాగుందో అని చేసేను" అంది. వెటకారం లేదు. నిజంగానే కంగారు. "కాస్త జ్వరమమ్మా" అన్నాను. అంతే, ఆవిడ గొంతు మారిపోయింది. "దగ్గుందా? వాసన తెలుస్తాందా? పిన్నిగార్ని వేరే గదిలో ఉంచండి, టెస్టు చేయించండి. నేను ప్రార్థన చేస్తాను." ఆఁ ఆఁ అంటూ పెట్టీసేను. పూజ పక్కనే పప్పుచెక్క తింటూ విన్నాది.

మూడో రోజు స్కూలయ్యాక వచ్చింది. బస్సు దిగి ఆ మెట్ట ఎక్కాలి కదా, ఆయాసపడుతూ వచ్చింది. చేతిలో మూడు రోజుల పాఠాలు రాసిన కాగితాలు. ఇలాంటివే. పూజ ఇక్కడే, ఈ వాకిట్లో, తాడాట ఆడుతాంది. నేను పరిగెత్తి లోపలికి పిలుద్దామనుకున్నాను, ఎక్కడ. "టీచర్, బిస్కెట్" అని గేటు మీదకి దూకీసింది. ఆవిడ బ్యాగులోంచి తీసిచ్చింది. నేను కుర్చీలోంచి లేవలేదు. "తగ్గిందన్న మాట, మంచిది" అంది. కాగితాలు గట్టు మీద పెట్టి వెళ్ళబోయి, మళ్ళీ ఆగింది. పిల్ల అటు వెళ్ళేదాకా ఆగి చెప్పింది. "భయమేస్తే భయమని చెప్పండి బాబాయిగారూ. నేనేమీ అనుకోను. నాకూ ఉంది." అప్పుడైనా నేనేమనాలి? తప్పయిపోయిందమ్మా, రేపు మాస్టారి దగ్గరికెళ్ళి నువ్వు చెప్పినట్టే పదేసి మందిని బయట కూర్చోబెట్టమంటాను, అనాలి. ఛైర్మన్ని, ఒక్క మాటతో అయిపోయేది. రాఘవయ్య మాస్టారు అలాగేనండి అనేవాడు. కానీ ఆ మాట ఎత్తితే పూజ ఎందుకు రావట్లేదో చెప్పాలి కదా. అందుకని, "ఎండగా ఉంది, మంచినీళ్ళు తాగుతావా" అన్నాను. వద్దంది. వెళ్ళిపోయింది.

ఈస్టర్‌కి చర్చిలో కనబడలేదని ఎవరో అన్నారు. అప్పటికి నాలుగు రోజులై దగ్గట. క్లాసులో ఇద్దరు పిల్లలకి కూడా జ్వరం, వాళ్ళకి తగ్గిపోయింది. ఆవిడని ఆసుపత్రిలో పెట్టేరు, ఆక్సిజన్ పెట్టేరు. తొమ్మిది రోజులు. రెండో సూది ఆ వారంలోనే పడాల్సింది. పూడ్చడానికి బెన్‌హర్‌నీ, ఇంకో ముగ్గుర్నీ రానిచ్చేరు, ఆ ప్లాస్టిక్ తొడుగులతో. బడి మళ్ళీ మూసేసేరు.

ఆవిడకి స్కూల్లోనే అంటుకుందని ఎవడు చెప్పగలడు? చర్చిలో అయుండొచ్చు, బస్సులో అయుండొచ్చు, బెన్‌హర్ కొట్టుకి ఎంతమంది వస్తారు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. మీ పిన్నికి కూడా చెప్పేను. అంటుకున్న సంగతి దేవుడికి తెలియాలి, నిజమే. కానీ కాళ్ళు చాపుకుని అన్నది నేనే కదా. జ్వరమన్నది నేనే కదా. వాటికి చర్చీ బస్సూ అడ్డం రావు. జోగులు కూతురు చదువుకుందమ్మా, అదీ ఎనిమిదో తరగతికి వచ్చింది ఇప్పుడు. బడి తెరవాల్సిందే. తెరిచిన తీరు ఆవిడ చెప్పినట్టుండాల్సింది.

మరుసటేడు బడి తెరిచాక సంతాప సభ పెట్టేరు. నన్నే మాటాడమన్నారు. మాటాడేను, పది నిమిషాలు. ఇంటింటికీ తిరిగి చదువు చెప్పిన తల్లి అన్నాను. అదే వరండా, అదే గొంతు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. దిగేక బెన్‌హర్ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "బాబాయిగారూ, మీరంటే ఎంత గౌరవమో దానికి. పూజకి జ్వరమని తెలిసిన రోజు ఇంట్లో అందరి చేతా ప్రార్థన చేయించింది. తరవాతొచ్చి, తగ్గింది, ఆడుకుంటాంది, నేను చూసొచ్చేను అని సంతోషంగా చెప్పింది" అన్నాడు. అంటే మొగుడికి కూడా చెప్పలేదన్న మాట. సంచీలోంచి రెండు చిన్న మాస్కులు తీసి నా చేతిలో పెట్టేడు, పువ్వుల గుడ్డతో కుట్టినవి. "పూజకని నా చేత కుట్టించింది. బ్యాగులో ఉండిపోయేయి" అన్నాడు. ఆ వేళ కూడా చెప్పలేకపోయేను. థాంక్స్ బాబూ అన్నాను. ట్రంకు పెట్టెలో ఉన్నాయి. పారెయ్యలేను, పిల్లకివ్వలేను. అతని కొట్టు ముందు నుంచి నడవను, కూరలకి చుట్టూ తిరిగెళతాను. కాలు నొప్పి గదా, ఇటు దగ్గర కాదా అంటాది మీ పిన్ని.

పూజ ఇప్పుడు ఎనిమిదో తరగతి. మొన్నామధ్య అన్నం తింటూ, ఉన్నట్టుండి అడిగింది. "తాతా, అప్పుడు నాకు జ్వరం లేదు కదా. టీచర్‌తో ఉందని ఎందుకు చెప్పేవు?" మర్చిపోయిందనుకున్నాను ఇన్నాళ్ళూ. కోడలు చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. నేను...

...

మీ వాళ్ళది పిఠాపురం వైపా అమ్మా, తుని వైపా? మొన్నేదో చెప్పేవు, మర్చిపోయేను.