బల్ల మీది కొండ

ముందుగదిలో పెద్ద బల్ల మీద బొమ్మరైలు కొండ చుట్టూ తిరుగుతోంది. అక్కను చూడవచ్చిన తమ్ముడు, బావ పక్కన నిలబడి కళ్ళప్పగించి చూస్తున్నాడు.

"అబ్బ, ఎంత బాగుంది బావా! నీకింత రైళ్ళ పిచ్చుందని తెలీనేలేదు."

"నాకెక్కడి పిచ్చిరా! మీ అక్కకి చెయ్యి పడిపోయాక వేళ్ళకి పని చెప్పమన్నాడు డాక్టరు. రబ్బరు బంతి ఇస్తే విసిరికొట్టింది."

"అక్క సంగతి తెలిసిందేగా!"

"అందుకే ఈ పట్టాలు తెచ్చి, కావాలనే వంకరగా బిగించా. చూసి ఊరుకోలేక తనే మొదలెట్టింది. పిల్లలు జిగురు కలిపారు, నేను వైర్లు తగిలించా."

"అయితే ఈ చెట్లన్నీ ఆ చేత్తోనే చేసిందా?"

"ఆ చేత్తోనే. స్టేషను పక్కన వాలిపోయిన చెట్టుంది చూడు, అదే మొదటిది. బాగాలేదు, పీకేస్తానని రోజూ పోట్లాట. నా ప్రాణం పోయినా పీకనివ్వను."