కొల్లేటికోటకి పడవలో వెళ్లిన ఇంజను చప్పుడు

1914వ సంవత్సరం ఆగస్టు నెల మూడో తారీకున శ్రీ పెద్దింటయ్య గారు ఏలూరులో మన కంపెనీలో చేరారు. అప్పటికి నేనింకా పుట్టలేదు కాబట్టి ఆయన్ని ఆపే అవకాశం నాకు లేకపోయింది.

అప్పట్లో మన కంపెనీకి కాలవ లాంచీలే తప్ప మోటార్లు లేవు. కొల్లేటికోట నుంచి వచ్చిన ఆయన లాంచీ ఇంజన్ల దగ్గర పని నేర్చి, బస్సులొచ్చాక షెడ్డులోకి మారి, మేస్త్రీ అయ్యి, ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఏ బండి దగ్గినా జనం ముందుగా తలుచుకునే మనిషయ్యారు. ఆయన దగ్గర విరిగిన పడవ గెడ ముక్క ఒకటుంది. దాని ఒక కొస ఇంజన్‌కి, రెండో కొస చెవికి ఆనించి కళ్లు మూసుకుని వింటారు. అలా వింటున్నంతసేపూ ద్వారకా తిరుమల కొండ మీద గంటలు కూడా ఆగుతాయని చెబుతారు. చెప్పేది ఆయనే.

ఆ గెడ ముక్క మీద నాకు చాలాకాలంగా కన్ను. ఈ 1937లో ఆయన పదవీ విరమణ చేశాక మేస్త్రీ పని నాదేనని యజమాని సుబ్బరాజు గారు మాటిచ్చారు గానీ, జనం నా చేత బానెట్ తెరిపిస్తారా అన్నదే నా బెంగ. మా మామ్మ సైతం తన కుట్టుమిషను మూలిగితే ఇంట్లో ఉన్న నన్ను దాటి ఆయనకి కబురు పెట్టింది.

కిందటేడు గూడెం వైపు జమీందారు గారి అమెరికా కారు చప్పుడు చేస్తూ మన షెడ్డుకి వచ్చింది. ఆ ఇంజన్‌లో వాల్వుల్ని లేపే ట్యాపెట్లలో ఆయిలు నిండి ఉంటుంది. నిండుగా ఉన్నంతసేపూ కిమ్మనవు, లేకపోతే టకటకమంటాయి. ఆ వారం పెద్దింటయ్య గారు జ్వరంతో కొల్లేటికోటలో తన ఇంట్లో ఉన్నారు. దేవుడు నన్ను కరుణించాడనుకున్నాను. ట్యాపెట్లన్నీ విప్పి, కడిగి, బిగించాను. టకటక. మళ్లీ కడిగాను. అంత శుభ్రంగా చప్పుడు చేసే ట్యాపెట్లు దక్షిణ హిందూదేశంలో మరెక్కడా లేవు.

కారు డ్రైవరు పాపారావు గారు ఇక ఆగలేకపోయారు. కోటకి కారు వెళ్లే దారి లేదు గనక చప్పుడొక్కటే పట్టుకుని పడవెక్కారు. నేనూ వెంట వెళ్లాను. పాపారావు గారు పెద్దింటయ్య గారి మంచం పక్కన నిలబడి, గూడెం నుంచి ఏలూరు దాకా ప్రయాణమంతా నోటితో వినిపించారు. మొదట మెత్తగా గుర్రుమని, పోగా పోగా టకటక. పెద్దింటయ్య గారి భార్య దుర్గమ్మ గారు పక్కకి జరిగి దారిచ్చారు.

“బయల్దేరినప్పుడు లేదు, దూరం పోయాకే వస్తోంది,” అన్నారు పెద్దింటయ్య గారు. “ఆయిలు ఎంత పోస్తారండీ?”

“గీత దాకా పోసి, పైన కొసరు వేస్తామండీ. మా దివాణంలో కొలిచి పెట్టే అలవాటు లేదండీ.”

“ఆ కొసరు తీసెయ్యండి. అడుగున తిరిగే ఇరుసు ఆయిల్లో మునిగి, కవ్వంలా చిలికి నురగ చేస్తోంది. ట్యాపెట్లలోకి ఆయిలు బదులు గాలి పోతోంది.” తరవాత నా వైపు తిరిగారు. “నువ్వు మాత్రం బాగా కడిగావురా అబ్బాయ్.”

ఆ మెచ్చుకోలు నాకు ఇప్పటికీ అరగలేదు. కొసరు తీశాక కారు నోరు మూసుకుంది. ఆయన్ని పొగడటానికి ఏలూరు నోరు తెరిచింది.

నిన్న షెడ్డులో అందరి ముందూ ఆయన ఆ గెడ ముక్క నా చేతిలో పెట్టి, వినకుండా ఏదీ విప్పవద్దన్నారు. నేను దాన్ని చెవికి ఆనించేలోపే, పక్కనున్న పాపారావు గారు అడిగారు. “ఏవండీ పెద్దింటయ్య గారూ, కోటకి పొద్దున్న మొదటి పడవ ఎప్పుడండీ?”

ఆ పడవ నేనూ ఎక్కుతాను. పాపారావు గారి చేత నీళ్ల మీదే చప్పుడు చేయించి, ఒడ్డు చేరేలోపు జబ్బేమిటో నేనే ముందు చెప్పాలని నా పంతం. అలా ఒక్కసారైనా నేను గెలిచేదాకా శ్రీ పెద్దింటయ్య గారు, శ్రీమతి దుర్గమ్మ గారితో కలిసి, చెవులు చెడకుండా ఆయురారోగ్యాలతో ఉండాలని పెద్దింట్లమ్మ తల్లిని వేడుకుంటున్నాను. నా పని తెలిసినవాళ్లు ఆయనకి నిండు నూరేళ్లూ ఖాయమంటున్నారు.